చిప్స్ ప్యాకెట్ మీద 631 అంటే పంది కొవ్వేనా? ఈ అంతర్జాతీయ ప్రమాణాలను ఎంతవరకు నమ్మాలి?

లక్ష్మీప్రసన్న, తెనాలి

అందరికీ నమస్కారం. ఒక చిప్స్ ప్యాకెట్ వల్ల ఈమధ్య మా ఇంట్లో పెద్ద చర్చే నడుస్తోంది. మా వాడు ఆరో తరగతి. స్కూలు నుంచి రాగానే వీధి చివర కొట్లో పది రూపాయల ప్యాకెట్ కొనుక్కోవడం వాడికి అలవాటు. మా అత్తయ్యగారి ఫోన్‌కి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ప్యాకెట్ వెనక 631 అని ఉంటే అది పంది కొవ్వేననీ, అందరికీ తెలియజేయమనీ. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వాడి చేతిలో ప్యాకెట్ తీసుకుని చూస్తే నిజంగానే 627, 631 అని ఉన్నాయి. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. ఆ రోజు ఆవిడ సరిగ్గా అన్నం కూడా తినలేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని వంటింట్లో ఉన్న ప్యాకెట్లన్నీ దించి వెనక అక్షరాలు చదివాం. టొమాటో సాస్‌లో 211. బిస్కెట్లలో 322, 471, 503. నూడుల్స్ మసాలాలో మళ్లీ 627, 631, ఇంకా 150డి, 330. అన్నిటి మీదా ఆకుపచ్చ చుక్క ఉంది. ఆ నంబర్లు ఏమిటో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

మావారేమో "అవన్నీ అంతర్జాతీయంగా ఒప్పుకున్న నంబర్లే, ఊరికే టెన్షన్ పడకండి" అంటున్నారు. నాకు అసలు టెన్షన్ అక్కడే. ఎవరు ఒప్పుకున్నారు? ఎక్కడ కూర్చుని ఒప్పుకున్నారు? 2024లో మన దేశం నుంచి వెళ్లిన కొన్ని మసాలాలను హాంకాంగ్, సింగపూర్ ఆపేశాయని పేపర్లో చదివాం. ఆ రోజుల్లో మా కొట్లో మసాలా ప్యాకెట్లు ఎప్పటిలాగే దండలు కట్టి వేలాడుతున్నాయి. అక్కడి పిల్లలకు పనికిరానిది మన పిల్లలకు ఎలా పనికొస్తుంది?

631 పంది కొవ్వా, కాదా? ఆకుపచ్చ చుక్కను నమ్మొచ్చా? ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా చెబితే మా అత్తయ్యగారికి చదివి వినిపిస్తాను.

సుబ్బారావు, ఒంగోలు

అమ్మా, ఇంత చదువు అక్కర్లేదు. నంబరు చూసి కొనాల్సిన తిండి ఇంట్లోకి రానివ్వకండి. శనగపిండి, వాము, కాస్త వెన్న వేసి జంతికలు చేసి డబ్బాలో పెట్టండి. చేగోడీలు చేయండి. పిల్లవాడు రెండు రోజులు అలుగుతాడు, మూడో రోజు తింటాడు. కంపెనీవాడి మాటా, వాడికి సర్టిఫికెట్ ఇచ్చినవాడి మాటా నేను నమ్మను.

గుంటూరు ల్యాబ్ మనిషి

సుబ్బారావు గారూ, జంతికలు చేసుకోమనడం మంచి మాటే. కానీ అందులో వేసే కారం, వేయించే నూనె కూడా ఎవరో ఒకరు ప్యాకెట్ కట్టి పంపినవే కదా. ఇంట్లో వండుకున్నా లక్ష్మీప్రసన్న గారి ప్రశ్న అలాగే ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను గుంటూరులో ఎండుమిర్చి, కారం ఎగుమతి చేసే యూనిట్లలో క్వాలిటీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను.

ముందు మీ అత్తయ్యగారి కోసం. 631 అంటే డైసోడియం ఐనోసినేట్. అది కొవ్వు కాదు. పంది కొవ్వు కాదు, ఏ కొవ్వూ కాదు. నీళ్లలో కరిగే తెల్లటి పొడి. రుచిని పెంచడానికి వేస్తారు. దీని మూలాన్ని 1913లో జపాన్‌వాళ్లు ఎండబెట్టిన బొనిటో చేపలో కనుక్కున్నారు. 621 అనే అజినోమోటోతో గానీ, టొమాటో, ఈస్ట్ లాంటివాటిలో సహజంగా ఉండే గ్లుటమేట్‌తో గానీ కలిసినప్పుడు ఇది చిటికెడు వేసినా రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. చిప్స్ ఒకటి తిన్నాక చెయ్యి మళ్లీ ప్యాకెట్‌లోకి వెళ్లడంలో దీని పాత్ర ఉంది. ఇప్పుడు పరిశ్రమలో ఎక్కువ భాగం కర్రపెండలం పిండి, చక్కెర లాంటివాటిని పులియబెట్టి సూక్ష్మజీవులతో తయారుచేస్తున్నారు. అయితే చేప నుంచి, మాంసం నుంచి కూడా తీయొచ్చు. ఇది దాచాల్సిన సంగతి కాదు.

కాబట్టి ఆ మెసేజ్ అబద్ధం. కానీ మీ అత్తయ్యగారి అనుమానం అర్థం లేనిది కాదు. 631 అనే నంబరు ఆ పదార్థం ఏమిటో చెబుతుంది, దేని నుంచి తీశారో చెప్పదు. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు సరిగ్గా ఈ విషయం మీదే తీర్పు ఇచ్చింది. సరిగ్గా ఈ డైసోడియం ఐనోసినేట్‌నే ఉదాహరణగా తీసుకుని, ఎంత తక్కువ శాతంలో వేసినా సరే, ప్రతి పదార్థం మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా తినేవాడికి తెలియాల్సిందేనని చెప్పింది. మన చట్టం ప్రకారం పాలు, తేనె లాంటివి తప్ప జంతువు నుంచి తీసినది ఏది రవ్వంత కలిసినా ప్యాకెట్ మీద గోధుమరంగు త్రిభుజం వేయాలి. ఆకుపచ్చ చుక్క వేశారంటే 631 జంతువు నుంచి తీసింది కాదని కంపెనీ చట్టం ముందు హామీ ఇచ్చినట్టే.

ఆ హామీ వెనక ఏముంటుందో కూడా చెప్పాలి. సరుకు అమ్మినవాడు "ఇది శాకాహార మూలం" అని సంతకం పెట్టి ఒక కాగితం ఇస్తాడు. కొన్నవాడు దాన్ని ఫైల్లో పెడతాడు. ఆడిట్‌కి వచ్చినవాడు ఆ ఫైలు చూస్తాడు. ల్యాబ్‌లో మేం చేసే మామూలు పరీక్షల్లో చేప నుంచి తీసిన 631కీ, కర్రపెండలం నుంచి చేసిన 631కీ తేడా కనిపించదు, ఎందుకంటే చివరికి వచ్చే పదార్థం ఒకటే. అంటే ఆకుపచ్చ చుక్క నిలబడేది ఆ కాగితం నిజాయితీ మీద. పెద్ద కంపెనీలు అబద్ధం బయటపడితే వచ్చే నష్టానికి భయపడి ఆ కాగితం విషయంలో గట్టిగా ఉంటాయి. ఊరూపేరూ లేని ప్యాకెట్ దగ్గర నాకు అంత నమ్మకం లేదు.

ఇక నంబర్లు ఎవరు పెట్టారన్నది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో కోడెక్స్ అనే సంఘాన్ని మొదలుపెట్టాయి. ఆఫీసు రోమ్‌లో. మనతో పాటు 180కి పైగా దేశాలు సభ్యులు. ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే ఈ అంతర్జాతీయ నంబర్ల (ఐఎన్ఎస్) పట్టికను 1989లో వాళ్లే ఆమోదించారు. ఆ పట్టికలో ఉండటమే చెడు కాదు. మన పసుపులోని రంగుకు 100, విటమిన్ సికి 300, గోరుచిక్కుడు గింజల జిగురుకు 412. మీ సాస్‌లోని 211 నిల్వ ఉంచే సోడియం బెంజోయేట్, బిస్కెట్‌లోని 322 లెసిథిన్. నంబరు ఉందంటే దానికో పేరుంది, ఒక ఫైలుంది, అడిగితే సమాధానం దొరుకుతుంది అని అర్థం. నాకు భయం నంబరు లేని చోట.

మోతాదు తేల్చే పని ఆ రెండు సంస్థలే నడిపే జెక్ఫా అనే నిపుణుల కమిటీది. అది 1956 నుంచీ ఉంది. జంతువుల మీద పరీక్షించి, ఏ హానీ కనిపించని మోతాదు పట్టుకుని, మామూలుగా దాన్ని వందతో భాగిస్తారు. మనిషి జీవితాంతం రోజూ తిన్నా ఫరవాలేదనుకునే మోతాదు అది. డైట్ కూల్‌డ్రింకుల్లో వేసే ఆస్పర్టేమ్ సంగతి చూడండి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థలోనే క్యాన్సర్ మీద పనిచేసే మరో విభాగం దాన్ని "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న జాబితాలో పెట్టింది. అదే సమయంలో జెక్ఫా మాత్రం శరీర బరువు కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితినే ఉంచింది. జనం అయోమయంలో పడ్డారు. మొదటివాళ్లు చూసేది ప్రమాదం ఉందా లేదా అని, రెండోవాళ్లు చూసేది ఎంత తింటే ప్రమాదం అని. ఈ మాట పక్కన కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు, అందుకే అపనమ్మకం.

ఇదంతా శుద్ధమైన సైన్సేనా అంటే, పూర్తిగా కాదు. పందులకూ, పశువులకూ కండ పెరగడానికి వాడే రాక్టోపమైన్ అనే మందు మాంసంలో ఎంత మిగలొచ్చన్న పరిమితి మీద 2012లో రోమ్‌లో ఏకాభిప్రాయం కుదరక ఓటింగ్ పెట్టారు. 69 దేశాలు ఒప్పుకున్నాయి, 67 కాదన్నాయి. రెండు ఓట్ల తేడాతో ప్రపంచ ప్రమాణం అయింది. యూరప్ ఇప్పటికీ దాన్ని ఒప్పుకోదు. కోడెక్స్ ప్రమాణం ఏ దేశానికీ చట్టం కాదు గానీ, 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక వ్యాపార తగాదాల్లో దానికి బరువు పెరిగింది. అక్కడ తినేవాడి ఆరోగ్యం ఒక్కటే మాట్లాడదు, అమ్మేవాడి లాభం కూడా మాట్లాడుతుంది.

మీ మూడో ప్రశ్న, అక్కడ పనికిరానిది ఇక్కడ ఎలా పనికొస్తుందన్నది, నన్ను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వెంటాడింది.

మిర్చి యార్డు నుంచి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వస్తాయి. బస్తా విప్పి గుప్పెడు కాయలు తీసి కాగితం మీద పోస్తాం. ఎర్రగా నిగనిగలాడే కాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలు కాయ ఒక పక్కకి. కాయ విరిచి చూస్తే కొన్నిటిలో గింజల చుట్టూ బూడిదరంగు బూజు. కల్లంలో ఆరబోసినప్పుడు వాన తడిసినా, మంచు పట్టినా, సరిగా ఎండకముందే బస్తాకెత్తినా వచ్చేది అది. ఆ బూజు వదిలే విషం అఫ్లటాక్సిన్. కాలేయానికి చెడు చేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. వేయించినా వండినా పూర్తిగా పోదు. యూరప్‌కి వెళ్లే మిరపలో ఇది మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశంలో మసాలా దినుసులకు పరిమితి 30. ఒక లాట్ 18 వచ్చిందనుకోండి. యూరప్‌కి పోదు. పారబోయరు కూడా. "లోకల్" అని రాసి పక్కన పెడతారు. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు. ఆ మాట రాసిన బస్తాల పక్కనుంచి రోజూ నడిచినవాడిగా చెబుతున్నాను, అది నాకు ఎప్పుడూ సమ్మతం కాలేదు.

తాలు కాయలు పారేయరు, తక్కువ ధరకు కొనేవాళ్లుంటారు. ఆ పొడికి ఎరుపు ఉండదు, కాబట్టి రంగు కలపాలన్న ఆశ పుడుతుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ అనే రంగు ఫ్రాన్స్‌లో పట్టుబడింది. మైనానికీ బూట్ల పాలిష్‌కీ వేసే రంగు అది. యూరప్ వెంటనే పరీక్షలు తప్పనిసరి చేసింది. 2005లో బ్రిటన్‌లో అలాంటి కారం కలిసిన ఒక సాస్ వల్ల వందల రకాల ఆహారాలను అంగళ్ల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఈ దెబ్బలతోనే ఎగుమతి కారానికి ఇక్కడ పరీక్షలు గట్టిపడ్డాయి. కఠినమైన ప్రమాణం కొనేవాడి దగ్గర ఉంటే అమ్మేవాడు మారతాడని నేను కళ్లారా చూశాను. మన వంటింటి కోసం అలా పట్టుబట్టేవాళ్లు తక్కువ.

హాంకాంగ్ వార్త గురించి ఒక్క మాట. అక్కడ దొరికింది ఇథిలీన్ ఆక్సైడ్, మసాలాల్లో సాల్మొనెల్లా లాంటి క్రిములను చంపడానికి వాడే వాయువు. యూరప్‌లో మసాలాల్లో కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అమెరికాలో 7 దాకా ఒప్పుకుంటారు. ఆ వార్త వచ్చేనాటికి కోడెక్స్‌లో దీనికి పరిమితే లేదు. కాబట్టి "అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం" అని ఎవరైనా అంటే, ఎవరి ప్రమాణం, ఎంత అంకె అని అడగండి. మసాలాల మీద కోడెక్స్ కమిటీని నడిపే బాధ్యత మనదేశానిదే, కొచ్చిలోని స్పైసెస్ బోర్డుది. అంటే ఆ బల్ల దగ్గర మన కుర్చీ ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లు ఎగుమతిదారు కోసం మాట్లాడినంత గట్టిగా మీ అబ్బాయి కోసం కూడా మాట్లాడాలి.

వాసు, డాలస్

అమెరికాలో అంతా బాగుంటుందని అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. బ్రెడ్డు బాగా పొంగడానికి వేసే పొటాషియం బ్రోమేట్‌ని మన దేశంలో 2016లోనే నిషేధించారు. ఇక్కడ దేశమంతటికీ నిషేధం లేదు. కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది, అది 2027 నుంచి అమల్లోకి వస్తుంది. నేను ఇండియన్ స్టోర్‌లో కారం కొంటూ, పక్కనే అమెరికన్ బ్రెడ్ ప్యాకెట్ వెనక బ్రోమేట్ ఉందేమోనని చదువుతుంటాను. ల్యాబ్ గారు చెప్పినట్టు ఏ దేశానికా దేశం ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా ఉంటుంది.

పద్మజ, సూర్యాపేట

నేను పిల్లల వార్డులో నర్సుని. ప్రమాణాలను పూర్తిగా తీసిపారేయొద్దని చెప్పడానికి ఈ నాలుగు మాటలు. విరేచనాలతో నీరసించిన పిల్లలకు తల్లులు మందుల షాపులో అట్టపెట్టెలో దొరికే తియ్యటి డ్రింకు పట్టించి తీసుకొచ్చేవాళ్లు. దాని మీద ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్లకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఈ డ్రింకుల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తల్లి తప్పేముంది? అట్ట మీద ఉన్నది నమ్మింది.

హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు, కోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబరులో ఆ ఫార్ములా లేని ఏ డ్రింకు మీదా ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆవిడ చేతిలో ఉన్న ఆయుధం ఏమిటి? అంతర్జాతీయ ప్రమాణమే. ఆ అంకె లేకపోతే కంపెనీతో ఏమని వాదించేవారు?

లక్ష్మీప్రసన్న, తెనాలి

అందరికీ కృతజ్ఞతలు. అత్తయ్యగారికి మొత్తం చదివి వినిపించాను. పంది కొవ్వు కాదన్నందుకు ఊపిరి పీల్చుకున్నారు గానీ, "చేప నుంచి తీయొచ్చన్నారుగా, మరి దీంట్లో దేంతో చేశారో వాడినే అడుగు" అన్నారు. ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను.

ల్యాబ్ గారూ, ఇంకో రెండు అడుగుతాను. మా మామయ్యగారికి యూరిక్ యాసిడ్ ఎక్కువ, మనవడితో కలిసి ఆయనా నూడుల్స్ తింటారు. ఫరవాలేదా? ఇంకోటి, మేం విడిగా కొనే కారం మీద అనుమానం ఉంది. నీళ్లలో వేసి చూస్తే తెలుస్తుందా?

గుంటూరు ల్యాబ్ మనిషి

మెయిల్ పెట్టడం చాలా మంచి పని. "627, 631 మూలం మొక్కా, సూక్ష్మజీవులా, జంతువా" అని సూటిగా అడగండి. "మా ఉత్పత్తులన్నీ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణాలకు లోబడినవి" అని మాత్రమే రాస్తే అది మీ ప్రశ్నకు జవాబు కాదు, మళ్లీ అడగండి.

మామయ్యగారి విషయం: 627 కూడా 631 లాగే రుచి పెంచేదే. ఈ రెండూ శరీరంలో విరిగి యూరిక్ యాసిడ్ అయ్యే జాతివే. మసాలా ప్యాకెట్‌లో మోతాదు చిన్నదే, అయినా యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లు తగ్గించుకోవడం మంచిది. 635 అని ఉన్నా ఈ రెండిటి మిశ్రమమే. "అజినోమోటో కలపలేదు" అని రాసిన వాటిలోనూ ఇవి ఉండొచ్చు, ముందువైపు కాదు, వెనకవైపు చదవండి. ఆయన డాక్టరుకు ఈ నంబర్లు చూపించండి.

కారం సంగతి: గ్లాసు నీళ్ల మీద చిటికెడు చల్లితే, నీళ్లలో కరిగే రంగు కలిపి ఉంటే ఎర్రటి చారలు దిగుతాయి. ఇటుక పొడి ఉంటే అడుగుకు చేరి వేళ్లకు గరుకుగా తగులుతుంది. కానీ సూడాన్ నూనెలో కరిగే రంగు, నీళ్లలో దొరకదు. నూనెలో వేసి చూద్దామంటే మిరప సొంత రంగు కూడా నూనెలోకే దిగుతుంది. కాబట్టి నీళ్ల పరీక్షలో నెగ్గిందని నిశ్చింతగా ఉండొద్దు.

గట్టి అనుమానం ఉంటే 2006 ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ ఉంది. కొన్న మనిషి ఎవరైనా ఫీజు కట్టి ప్రభుత్వ ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకుని రిపోర్టు తీసుకోవచ్చు. కొనేటప్పుడే కొట్టువాడికి "దీన్ని పరీక్షకు పంపుతున్నాను" అని చెప్పాలి, అది షరతు. తప్పు తేలితే కట్టిన ఫీజు వెనక్కి ఇస్తారు. తెలంగాణవాళ్లకు నాచారంలో రాష్ట్ర ఫుడ్ ల్యాబ్ ఉంది. మీరైతే జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసును అడిగితే ఎక్కడికి పంపాలో చెబుతారు. ఈ సెక్షన్ ఉందని తెలిసినవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

ఇంకో దారి మీకు దగ్గర్లోనే ఉంది. తెనాలి నుంచి గుంటూరు ఎంత దూరమని? సీజన్‌లో తొడిమ తీసిన కాయ కొనుక్కోండి. నాలుగైదు కాయలు విరిచి లోపల చూడండి, బూజు వాసన వస్తే వదిలేయండి. గలగలలాడేదాకా ఎండబెట్టి మీ ఎదురుగా మర పట్టించుకోండి. మెయిల్‌కి జవాబొస్తే ఇక్కడ పెట్టండి, చదివి అందులో ఏముందో ఏం లేదో చెబుతాను.